స్టాండు కింద రాయి

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. అది నేను ఎవరికో చేసిన ద్రోహం కాదు. మా అమ్మ ఎత్తు అంతే, అమ్మమ్మ ఇంకో అంగుళం తక్కువ. ఈ ఎత్తుతోనే నేను డిగ్రీ చదివాను, నిలబడే చోటు లేని బస్సుల్లో కణేకల్ పోయి వచ్చాను, శనక్కాయ పీకాను, నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని నీళ్లు పారే వంక దాటాను. ఎవరూ ఏమీ అనలేదు. మూడేళ్ల కిందట, ఆషాఢం గాలి మొదలైన వారంలో, సూపర్‌వైజర్ కేశవ మా ఇంటి ముందు జీపు ఆపి, నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఇంత మనిషికి అంత బండి ఎట్లప్పా, కొండప్పా?" అని మా నాయనను అడిగాడు. నన్ను అడగలేదు. నేను అక్కడే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

మా చేలో గాలిమర ఉంది. మా వైపు దాన్ని ఫ్యాను అంటారు. కింద నల్లరేగడి చేలలో తొమ్మిది, గుట్ట మీద పద్నాలుగు, మొత్తం ఇరవై మూడు ఫ్యాన్లు. తొమ్మిదో నెంబరు మాది. మాది అని నోటిమాటకు అంటున్నాను గానీ, అది కంపెనీది, దాని కింద నేల కూడా కంపెనీదే. ఆ నేల ఇచ్చినందుకు మా ఇంట్లో ఒకరికి ఉద్యోగం అన్నారు. నాయన ఆరేళ్లు చేశాడు. పొద్దున్నే కంపెనీ ఇచ్చిన మోటారుబండి మీద బయలుదేరి ఒక్కో ఫ్యాను దగ్గర ఆపి, దిగి, తలుపు తాళం చూసి, ఎవరూ కేబుల్ కోయలేదని ఫోన్‌లో ఫోటో తీసి పంపాలి. ఆ ఏడాది ఉగాది అయిన పది రోజులకు గుట్ట దిగుతూ పడ్డాడు. మోకాల్లో రాడ్డు వేశారు. ఇంక ఆ కాలితో బండి నడపలేడని డాక్టరు చెప్పేశాడు. ఇంట్లో ఇంకొకరంటే నేనే. కాలువ నీళ్లు మా ఊరి దాకా రావు. ఆ ఉద్యోగం పోతే మిగిలిన నాలుగెకరాల మెట్టచేను, దాని మీద మబ్బు. అంతే మా బతుకు.

"నేర్చుకుంటా సార్" అన్నాను.

"నేర్చుకునేది కాదు పాపా. కాలు నేలకు అందల్ల. అందకపోతే బండి పడతాది. పడితే కంపెనీకి నష్టం."

"అయితే బండిని రవ్వంత దించియ్యండి సార్. షాకబ్జర్లు దించచ్చంట గదా, ఫోన్‌లో చూసినా."

కేశవ పగలబడి నవ్వాడు. "అది కంపెనీ వస్తువు. ఒక్క బోల్టు తిప్పినా కేసు అయితాది. మనిషి బండికి తగినట్టు ఉండల్ల గానీ, బండిని మనిషికి తగినట్టు చేస్తారా యాడైనా?"

"నిజమే సార్" అన్నాడు నాయన.

కేశవ మాట కంటే ఆ "నిజమే సార్" నాకు ఎక్కువ మండింది. నాయన ఊళ్లో ఎవరితోనైనా గట్టిగా మాట్లాడగలడు. జీపు కనిపిస్తే మాత్రం నడుం దానికదే వంగిపోతుంది.

పది రోజుల తర్వాత టెస్టు అని చెప్పి కేశవ జీపెక్కాడు. ఇరవై మూడు ఫ్యాన్లూ తిరగాలి, బండి ఒక్కసారి కూడా కింద పడకూడదు, పడితే ఆ ఉద్యోగం గుంతకల్లులో ఖాళీగా ఉన్న ఆయన బామ్మర్దికి. బామ్మర్ది సంగతి ఆయన చెప్పలేదు. డ్రైవరు చెప్పాడు.

ఆ బండి రోడ్డు కోసం చేసింది కాదు. గుట్టలకు, మట్టిబాటలకు చేసింది. టైర్ల మీద పెద్దపెద్ద గుబ్బలు, పొడుగు షాకబ్జర్లు, సీటు నా నడుము దాకా. నడపడం నాకు రెండు రోజుల్లో వచ్చేసింది. ఆపడమే రాలేదు. కదులుతున్నంతసేపు బండి నా మాట వినేది. ఆపగానే కాలు నేలను వెతుక్కునేది, అక్కడ నేల ఉండేది కాదు. మొదటి మూడు రోజుల్లో ఏడుసార్లు పడ్డాను. మోచేతులు దోక్కుపోయాయి. అమ్మ పసుపు పెడుతూ, "ఆ నాకొడుకు కంపెనీకి పొట్టిబండ్లు దొరకలేదా" అని తిట్టింది. అమ్మ పేరు చెన్నమ్మ. ఆమె నోటికి జీపని, సారని భయం లేదు.

నాయన కట్టె పట్టుకుని గట్టు మీద కూర్చుని నేర్పించేవాడు. పడిన బండిని ఎట్లా లేపాలో ఆయనే చూపించాడు. వీపు సీటుకు ఆనించి, చేతులు వెనక్కి పెట్టి పట్టుకుని, కాళ్లతో నెట్టుకుంటూ లేవాలి. నూట యాభై కిలోల బండి అట్లా లేస్తుందని నేను అనుకోలేదు. ఇంకోటి కూడా నేర్పించాడు. మా రేగడి నేలలో బండి ఆపితే స్టాండు మట్టిలో దిగబడుతుంది, కాసేపటికి బండి ఎడమపక్కకు ఒరిగి పడుతుంది. అందుకని మా ఊళ్లో ఎవరు బండి ఆపినా మొదట కాలితో ఒక పలకరాయిని జరిపి, దాని మీద స్టాండు వేస్తారు. ప్రతి గట్టు మీద, ప్రతి ఇంటి ముందు అట్లాంటి రాయి ఒకటి ఉంటుంది.

"ముందు రాయి, అంకనే స్టాండు" అన్నాడు నాయన. "మర్చిపోవద్దు పాపా. ఆరేండ్లలో నా బండి ఒక్కసారి కూడా చేన్లో పల్లేదు."

నాలుగో రోజు ఓబిలేష్ అన్న నాయనను చూడటానికి వచ్చాడు. పక్క మండలంలో ఇదే కంపెనీకి ఇదే పని చేస్తాడు, ఇదే బండి. మనిషి ఆరడుగుల పైనే. గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చి నాయన పక్కన కూర్చున్నాడు. నేను బయటికి పోయి ఆయన బండి చూశాను. హ్యాండిల్ నా బండి కంటే పైకి ఉంది. వంగి చూస్తే కింద రెండు ఇనుప దిమ్మలు వేసి ఎత్తు పెంచారు. సీటు కూడా దూది ఎక్కించినట్టు లావుగా ఉంది.

"ఇదేంది అన్నా?" అని అడిగాను.

"అదా? వంగి వంగి నడుం పట్టేస్తాంటే కేశవ సారే చెప్పినాడు, కొంచెం ఎత్తు చేపించుకో అని. కణేకల్లో కుళ్లాయప్ప ఏసినాడు."

"కంపెనీ వస్తువు గదా. బోల్టు తిప్పితే కేసు కాదా?"

ఓబిలేష్ అన్న నవ్వాడు. పాపం ఆయనలో ఏ కల్మషమూ లేదు. "దీనికేం కేసమ్మా. ఇది అడ్జస్టుమెంటు."

నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. పొడుగు మనిషి కోసం ఎత్తు పెంచితే అడ్జస్టుమెంటు. పొట్టి మనిషి కోసం ఎత్తు తగ్గిస్తే నష్టం, కేసు. ఆయన నడుము నొప్పి సూపర్‌వైజరు కంట్లో పడింది. ఎదురుగా నిలబడిన నేను పడలేదు. ఓబిలేష్ అన్న పోయాక ఇదే మాట నాయనతో అంటే, "వాళ్లతో మనకేల పాపా, సారుకు కోపమొస్తే ఉండేది కూడా పోతాది" అన్నాడు. ఆ పూట నుంచి నేను నాయనతో మాట్లాడటం మానేశాను. అన్నం పెట్టాను, మందులిచ్చాను. మాట మాత్రం మాట్లాడలేదు. నా కోపం అట్లాంటిది. దాని ఫలితం నేనే అనుభవించాను, చెబుతాను.

మర్నాడు బండి తోలుకుని కణేకల్ పోయాను. కుళ్లాయప్ప అంగడి బస్టాండు వెనక, రేకుల కింద. యాభై దాటిన మనిషి, చేతుల మీద ఆయిలు మరకలు చర్మంలో కలిసిపోయాయి. నా మాట పూర్తిగా వినకుండానే, "ఎక్కి కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. ఎడమకాలి కింద ఒక చెక్క పెట్టాడు, అందలేదు. దాని మీద ఇంకో చెక్క పెట్టాడు. పాదం ముందుభాగం గట్టిగా ఆనింది. చెక్కల మందం వేళ్లతో కొలిచాడు.

"రెండించులు చాలు. రెండు కాళ్లూ ఆనాలనుకోవద్దు. ఒక కాలు ఆనితే మనిషి నిలబడతాది."

"వెనక దించితే సరిపోతాదా అన్నా?"

"వెనక ఒక్కటే దించితే ముందు పక్క ఎగిసిపడతాది. గుట్ట ఎక్కేటప్పుడు నిన్ను వెనక్కి తోస్తాది. రెండు పక్కలా సమానంగా దించల్ల."

ముందు చక్రాన్ని పట్టుకున్న ఫోర్కు పైపుల బోల్టులు వదులు చేసి, పైపులను రెండు అంగుళాలు పైకి జరిపి మళ్లీ బిగించాడు. వెనక షాకబ్జరు కింద రెండు చిన్న ఇనుప పట్టీలు ఉంటాయి. వాటిని విప్పి, వాటికంటే కొంచెం పొడుగువి లేత్ మిషన్ దగ్గర చేయించి వేశాడు. పట్టీ పొడుగైతే వెనక భాగం దిగుతుందట. స్ప్రింగు బిగువు కూడా తగ్గించాడు. "ఇది ఎనభై కిలోల మగోళ్లకు పెట్టిన బిగువు. నీ నలభై రెండు కిలోలకు కదలనే కదలదు" అన్నాడు. ఆ బండి గురించి నాతో ఇంత మర్యాదగా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

పాత పట్టీలు గుడ్డలో చుట్టి పెట్టాడు. "ఎవడన్నా గొడవ చేస్తే బండి తీసకరా. రెండు గంటల్లో ఎప్పటిలాగ చేసిస్తా. ఏదీ కోయలేదు, ఏదీ అతకలేదు."

తర్వాత స్టాండు వేసి చూపించాడు. బండి దిగింది గానీ స్టాండు పొడుగు తగ్గలేదు. ఎడమకు వాలాల్సిన బండి నిట్టనిలువుగా నిలబడింది. వేలితో నెడితే కుడిపక్కకు పడేలా ఉంది.

"స్టాండు ఒకటిన్నర ఇంచి కోయల్ల. కోస్తే మళ్లీ రాదు. అది నేను చేయను, నీకు ఉద్యోగం వచ్చినంక చూద్దాం. అంతవరకు రేగడి నేలలో స్టాండు కింద రాయి పెట్టొద్దు. దిగబడితే దిగబడనీ, నీకు అదే మేలు. గుట్ట మీద చిన్న గుంట చూసుకుని అందులో ఎయ్యి."

అదే చేశాను. అయిదు రోజులు రోజూ ఇరవై మూడు ఫ్యాన్లూ తిరిగాను. ఒక్కసారీ పడలేదు. గాలి చెవుల్లో హోరుమంటుంటే గుట్ట మీద ఆగి, ఎడమ పాదం నేల మీద పెట్టి నిలబడటం ఎంత సుఖమో కాలు అందేవాళ్లకు తెలియదు. బండి ఎత్తు తగ్గిందని నాయన చూశాడు. "కంపెనీ వస్తువు పాపా" అని గొణిగాడు. దాని దగ్గరికి కూడా రాలేదు. నేను స్టాండు సంగతి ఆయనకు చెప్పలేదు. మాట్లాడటం లేదు కదా.

టెస్టు రోజు కేశవ జీపులో వచ్చి, పని అప్పగించాలి కాబట్టి రమ్మని నాయనను కూడా వెనక సీట్లో ఎక్కించుకున్నాడు. బండి ఎత్తు తగ్గిన సంగతి కేశవ గమనించలేదు. ఆయన చూపంతా నా మీదే, ఎప్పుడు పడతానా అని. మొదటి ఫ్యాను దగ్గర ఆపాను, దిగాను, స్టాండు మట్టిలోకి దిగింది, తాళం చూశాను, ఫోటో తీశాను, ఎక్కాను. రెండోది, మూడోది, నాలుగోది. జీపు కాస్త దూరంలో ఆగేది, కేశవ ఫోన్ పైకెత్తి వీడియో తీసేవాడు. ఎనిమిదో దాని దగ్గరికి వచ్చేసరికి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఆయన మొహం చూస్తే నాకు నవ్వొచ్చింది.

తొమ్మిదోది మా చేలోది. బండి ఆపి ఫ్యాను వెనక తలుపు దగ్గరికి పోయాను. తాళం చూస్తున్నాను. వెనక దబ్బుమని చప్పుడైంది.

పరుగెత్తుకొచ్చాను. బండి కుడిపక్కకు పడి ఉంది. బ్రేకు లివరు వంగింది, అద్దం పగిలింది. పక్కన నాయన ఒంగి నిలబడి ఉన్నాడు, చేతిలో కట్టె లేదు. బండి పడిన చోట, స్టాండు దిగిన గుర్తు మీద, చదునుగా ఒక పలకరాయి. మా గట్టు మీది రాయే.

ఈసారి దగ్గరగా ఆగిన జీపులోంచి నాయన చూస్తుంటే స్టాండు దిగబడుతోందట. కూతురు తొందరలో రాయి మర్చిపోయిందనుకున్నాడు. బండి పడితే ఉద్యోగం పోతుందని, ఆ కాలితోనే దిగి వచ్చి, బండిని భుజంతో కొంచెం ఎత్తి, స్టాండు కింద రాయి జరిపాడు. ఒక నిమిషం నిలబడింది. గాలి రాగానే అటు పడిపోయింది.

కేశవ తీరిగ్గా దిగి వచ్చాడు. పడిన బండి కడుపు కింద కొత్త ఇనుప పట్టీలు తళతళ మెరుస్తున్నాయి. ఆయన కళ్లు వాటి మీద పడ్డాయి.

"ఇదేంది? ఎవరు చేసినారు ఇది? ఫెయిలొకటే కాదప్పా, ఇది కంపెనీ వస్తువు పాడు చేసినట్టు!"

"బండి పడగొట్టింది నేను సార్" అన్నాడు నాయన. "రాయి పెట్టింది నేనే. పాప పడలేదు. పాపను ఏమీ అనొద్దు సార్." రెండు చేతులూ జోడించాడు. కాలు వంగదు కాబట్టి నడుము ఒక్కటే వంచి, పక్కకు ఒరిగి నిలబడ్డాడు. ఆరేళ్లు ఈ గుట్ట ఎక్కి దిగి మోకాలు పోగొట్టుకున్న మనిషి, తన చేలో నిలబడి, జీపులో తిరిగేవాడికి దండం పెడుతున్నాడు.

"రూలు రూలే" అన్నాడు కేశవ. "బండి పడింది. బండి రేపు తీసకపోతాం." జీపెక్కి వెళ్లిపోయాడు. నాయనను అక్కడే వదిలేశాడు.

నేను నాయన మొహం కూడా చూడలేదు. వీపు సీటుకు ఆనించి, కాళ్లతో నెట్టి బండి లేపాను. ఎత్తు తగ్గిన బండిని లేపడం కొంచెం తేలిక. వంగిన లివరుతోనే గుట్టెక్కి మిగిలిన పద్నాలుగు ఫ్యాన్లూ తిరిగాను. ఎవరూ చూడలేదు. ఒక్కోదాని దగ్గర ఆగి, గుంట చూసి స్టాండు వేసి, తాళం చూసి, ఫోటో తీసి నాయన ఫోన్ నుంచే పంపాను. ఏడుస్తూ పంపాను. అది దుఃఖం కాదు, ఒళ్లు మండి వచ్చిన ఏడుపు.

దిగి వచ్చేసరికి నాయన ఇంకా అక్కడే, ఆ రాయి పక్కన కూర్చుని ఉన్నాడు. వెనక ఎక్కించుకుని ఇంటికి తెచ్చాను.

"రాయి పెట్టినందుకు నాకు కోపం లేదు" అన్నాను, ఇంట్లోకి వచ్చాక. ఆరు రోజుల తర్వాత అదే మొదటి మాట. "స్టాండు సంగతి నీకు చెప్పకపోవడం నా తప్పే. చేతులు జోడించినావే, దానికి కోపం."

నాయన కాలు చాపి గోడకు ఆనుకున్నాడు. "ఆ నేలలో స్టాండు దిగబడేది చూస్తే నా చెయ్యి ఆగదు పాపా" అన్నాడు. "జీపును చూసినా అంతే. చేతులు వాటికవే లేస్తాయి. నేను లేపింది కాదు."

అమ్మ అటక మీది ట్రంకు దించి, అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పడేసింది. "ఫ్యానుకు నేల ఇచ్చిన పొద్దు వేలిముద్ర ఏసింది నేను. నేల నా పేరున ఉండాది. దాంట్లో ఏం రాసినారో ఇంతవరకు ఈ ఇంట్లో ఎవరూ సదవలేదు. డిగ్రీ సదివినావు గదా, సదువు."

చదివాను. మూడో పేజీలో ఉంది, కుటుంబంలో ఒకరికి కాపలా ఉద్యోగం, ఫ్యాను ఉన్నంతకాలం. ఆడా మగా అని లేదు. ఎత్తు గురించి లేదు. దాని కిందే ఇంకో మాట ఉంది. ఫ్యాన్ల దగ్గరికి పోవడానికి కంపెనీ వంక పక్కన తన ఖర్చుతో బాట వేసుకోవాలని. అట్లాంటి బాట ఎవరూ వేయలేదు. ఆరేళ్లుగా జీపులు, క్రేన్లు, వ్యాన్లు మా చేను మధ్యలోంచే పోతున్నాయి. ఆ బాట మీద మేం విత్తనం వేయడం మానేసి ఆరేళ్లు.

"మరి మన చేన్లో పోనిస్తిమే?" అన్నాను.

"సార్లు అడిగినారు" అన్నాడు నాయన. అని, తన మాట తనకే వినిపించినట్టు తల దించుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి నాయన ఇంట్లో లేడు. చేలోకి పోయి చూస్తే, గడ్డపారతో గట్టు రాళ్లు ఒక్కొక్కటే దొర్లించి బాటకు అడ్డంగా పేరుస్తున్నాడు. రాడ్డు వేసిన కాలు చాపి, కూర్చుని, జరిపి, మళ్లీ కూర్చుని. మధ్యలో ఒక్క చోట మాత్రం ఖాళీ వదిలాడు. నేను చూస్తుండగా కట్టెతో ఆ ఖాళీ కొలిచాడు. బండి హ్యాండిల్ వెడల్పు.

తొమ్మిది గంటలకు జీపు వచ్చింది. ముందు సీట్లో కేశవ, పక్కన తెల్లచొక్కా బామ్మర్ది.

"ఏమప్పా కొండప్పా, ఏందిది?"

నాయన లేవలేదు. రాయి మీద కూర్చునే ఉన్నాడు. చేతులు రెండూ కట్టె మీద పెట్టి గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టు చూసి నాకు అర్థమైంది, అవి లేవకుండా అట్లా పట్టుకున్నాడని.

"ఫ్యాను కింద నేల మీది. ఈ దారి మాది. కాయితంలో ఉండాది. మీ బాట వంక పక్కన, ఏసుకోండి" అన్నాడు.

"పోలీసులను పిలుస్తా."

"పిలువు" అంది అమ్మ, గంప పట్టుకుని వెనక నుంచి వస్తూ. "వాళ్లకూ కాయితం సదివి వినిపిస్తాం. మా పాప బాగా సదువుతాది."

మూడు రోజులు జీపు లోపలికి రాలేదు. రెండో రోజు ఒక ఫ్యాను ఆగిపోయింది, బాగుచేసే వ్యాను వచ్చి రాళ్ల దగ్గర నిలబడి వెనక్కి పోయింది. ఆ మూడు రోజులూ నేను ఆ ఖాళీలోంచి బండి తోలి ఇరవై మూడు ఫ్యాన్లూ చూసి ఫోటోలు పంపుతూనే ఉన్నాను. నాలుగో రోజు అనంతపురం నుంచి పెద్దసారు వచ్చాడు. నిలబడే కాగితం చదివాడు. ఫోన్‌లో నా ఫోటోలు చూశాడు, టెస్టు రోజువి కూడా. కేశవను పక్కకు పిలిచి ఏదో అడిగాడు. తర్వాత నాకు రెండు చేతులతో నీళ్ల బాటిల్ ఇచ్చి, ఉత్తర్వు పంపిస్తామమ్మా అన్నాడు.

ఉత్తర్వు వారానికి వచ్చింది. ఉద్యోగం నాకే. అమ్మ దాన్ని కళ్లకు అద్దుకుంది. నేను కింద దాకా చదివాను. చివరి వాక్యం కేశవ రాయించిందేనని ఇప్పటికీ నా నమ్మకం. విధుల్లో చేరే ముందు వాహనాన్ని సదరు ఉద్యోగి అసలు స్థితికి తీసుకురావలెను. అంటే కాలు అందని బండి మళ్లీ ఎక్కాలి, మళ్లీ పడాలి, అప్పుడు బామ్మర్ది రావాలి. ఓబిలేష్ అన్నకు ఫోన్ చేసి అడిగాను. ఆయన హ్యాండిల్ గురించి ఆయనకు ఏ కాగితమూ రాలేదు.

నాయనను వెనక ఎక్కించుకుని కణేకల్ పోయాను. కుళ్లాయప్ప ఉత్తర్వు చదివి, లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన పాత పట్టీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. స్పానర్లు తీశాడు.

"రెండు గంటల పని" అన్నాడు.

"అసలు స్థితి అని రాసినారు అన్నా. ఎవరికి అసలు స్థితి? ఎనభై కిలోల మనిషికా?"

కుళ్లాయప్ప స్పానరు పక్కన పెట్టాడు.

"స్టాండు కొయ్యి" అన్నాను.

"కోస్తే మళ్లీ రాదు పాపా. కంపెనీ వాళ్లు అడిగితే?"

"ఒక్క బోల్టు తిప్పినా కేసన్నారు. ఎన్ని బోల్టులు తిప్పినావో లెక్కే లేదు. ఇంగ కోతకు భయమేల? నేనే కోయించినానని చెప్తా. రాసిస్తా కావాలంటే."

ఆయన నాయన వైపు చూశాడు. నాయన కంపెనీ వస్తువు అంటాడని నేను కాచుకుని ఉన్నాను. నాయన బండి పక్కన కష్టంగా కూర్చుని, స్టాండు కింది కొనను చేత్తో తడిమి, బొటనవేలు పెట్టి కొలిచాడు.

"ఈడికి" అన్నాడు. "ఒకటిన్నర. మా నేల మెత్తన, ఎక్కువ కోయొద్దు. అడుగున వెడల్పుగా ఒక రేకు ముక్క కూడా అతికియ్యి, దిగబడకుండా."

నిప్పురవ్వలు లేచాయి. ముక్క తెగి సిమెంటు మీద టంగుమని పడింది. అందులో పెద్ద విశేషం ఏమీ లేదు, బొటనవేలంత ఇనుము.

తిరిగి వస్తూ తొమ్మిదో ఫ్యాను దగ్గర ఆపాను. చేరాల్సిన తేదీ ఎల్లుండి. పాదం నేల మీద పెట్టి, స్టాండు వేసి, దిగాను. బండి ఎడమకు సరిగ్గా వాలి నిలబడింది. రేకు ముక్క మట్టి మీద చదునుగా ఆనింది. పైన రెక్కలు హోరుమని తిరుగుతున్నాయి, నా చున్నీ నిలవడం లేదు. బండి కదల్లేదు.

తలుపు తాళం చూసి వెనక్కి తిరిగితే నాయన గట్టు దగ్గర ఉన్నాడు. చేతిలో పలకరాయి ఉంది. ఎప్పుడు తీసుకున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. బండిని చూశాడు, స్టాండును చూశాడు, గాలి ఇంకోసారి గట్టిగా కొట్టేదాకా ఆగి మళ్లీ చూశాడు. తర్వాత ఆ రాయిని మోసుకుంటూ బాట దాకా నడిచి, జీపుకు అడ్డంగా పేర్చి ఇంకా తీయని రాళ్ల మీద పెట్టాడు.